వచ్చినందుకు కొట్టిన సీలు

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఉప్మాలో ఒక జీడిపప్పు పలుకు తగిలితే వీధిలో నాలుగని చెప్పే రకం నేను. మా అనంతపురం ఎండ గురించి అడిగితే, నోటీసు బోర్డు మీది జిగురు కరిగి ఉద్యోగ ప్రకటనలు వాటంతటవే గోడ దిగి నీడకు పోయి కూర్చునేవని చెబుతాను. అందుకని ఇందులో అంకె కనిపించిన చోటల్లా మూడు పెట్టి భాగించుకోండి. భయం కనిపించిన చోట మాత్రం భాగించకండి. దాన్ని ఉన్నదానికంటే తగ్గించే రాశాను.

యువజన సమాచార కేంద్రంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, మోకాళ్ల పేరు చెప్పి యాభై నాలుగేళ్లకే దిగిపోయాను. మోకాళ్ల మాట సగం నిజం. మిగతా సగం ఈ రాతలో ఉంది. అలాంటి కేంద్రాల్లో కొత్తగా చేరుతున్నవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "అన్నా, చేరేముందు ఏం నేర్చుకోవాల?" అని అడుగుతుంటారు. కంప్యూటర్ నేర్చుకోమని చెప్పి పెట్టేస్తాను. పెట్టేశాక గంటసేపు కుదురుండదు, చెప్పాల్సింది చెప్పలేదని.

బల్లకు ఇవతల

మా కేంద్రం అంటే రెండు గదులు. మొదటి గదిలో నేను, నా బల్ల, నాకంటే ముందు సర్వీసులో చేరిన ఒక ఫ్యాను. అది ఒక చుట్టు తిరిగే లోపల ఒక నోటిఫికేషన్ గడువు ముగిసిపోయేది. రెండో గదిలో దినపత్రికల కత్తిరింపులు, కోర్సుల పుస్తకాలు, హాస్టళ్ల వివరాలు, రహీమున్నీసా. రహీమున్నీసా ఒప్పంద ఉద్యోగి. ఆమె హోదా ఏమిటో ఆ ఒప్పందం రాసినవాళ్లకు కూడా తెలియదు. ఊడ్చేది ఆమే, కత్తిరింపులు అతికించేది ఆమే, నేను టీకి వెళితే బల్ల దగ్గర జవాబులు చెప్పేదీ ఆమే.

పొద్దున తొమ్మిదికల్లా శింగనమల బస్సు దిగినవాళ్లు, ధర్మవరం మగ్గాల మీద నుంచి లేచి వచ్చినవాళ్లు, సర్టిఫికెట్లు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరును గుండెకు హత్తుకొని వరసగా నిలబడేవాళ్లు. ఆ వరస ఒక్కోసారి గుత్తి కోట దాకా ఉండేది. ఈ కోర్సుకు వయసెంత, ఆ పరీక్షకు గడువెప్పుడు, ఈ కాగితం యాడ ఇయ్యాల. నేను చెప్పేవాణ్ని. జవాబు తప్పైతే నష్టం నాకు కాదు, బల్లకు అవతల నిలబడినవాళ్లకు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మా పెద్దసారుకు ఒకటే ధ్యాస. నెలాఖరున అడిగేవాడు: "ఎంతమంది వచ్చినారప్పా?"

"బాగానే వచ్చినారు సార్."

"బాగానే అంటే పైకి ఏమని రాయాల? ఆనవాలు యాడుండాది?"

ఆ ఆనవాలు కోసం ఆయనే ఒక పద్ధతి కనిపెట్టాడు. వచ్చినవాళ్లు ఏ కాగితం గురించి అడుగుతారో, ఆ కాగితం వెనక మా కేంద్రం రౌండు సీలు కొట్టి, తేదీ, వరస సంఖ్య రాయాలి. అదే సంఖ్య మా రిజిస్టరులో. ఆ సీలుకు అర్థం ఒకటే: ఈ మనిషి ఫలానా రోజు మా గడప తొక్కాడు. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ మాట సీలు మీద రాసి లేదు. నడుమ రాజముద్రను పోలిన ఒక బొమ్మ, చుట్టూ అక్షరాలు, ఊదా రంగు సిరా. నాకు సీలు కొట్టడమంటే మహా సరదా. కొడితే కలెక్టరేటులో కిటికీలు అదిరేవి.

మూడు రోజుల శిక్షణ

నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి శిక్షణ ఇచ్చారు. మూడు రోజులు, చల్లటి హాలు. శిక్షకుడు పెద్ద నగరం నుంచి వచ్చాడు. మొదటి రోజు చిరునవ్వు నేర్పాడు. నలభై మంది ఉద్యోగులం చేతి అద్దాలు పట్టుకొని పొద్దున్నించి సాయంత్రం దాకా నవ్వాం. గుత్తి నుంచి వచ్చిన ఒకాయనకు దవడ పట్టేసి, మరుసటి రోజు కూడా నవ్వుతూనే ఉన్నాడు, పాపం, భోజనం చేయలేక. రెండో రోజు తెర మీద బాణాలు, గుండ్రాలు. మూడో రోజు సందేహాలు.

సందేహాలంటే అందరూ గడియారం చూశారు. వెనక వరసలో నుంచి రహీమున్నీసా లేచింది. "సార్, మాకు తెలీనిది అడిగితే ఏం చెప్పాల?"

హాలంతా నవ్వింది. శిక్షకుడు కూడా నవ్వి, "ముందు మీ ముఖంలో తెలియదన్న సంగతి కనిపించకూడదమ్మా. ఆత్మవిశ్వాసం! మీరు తడబడితే వాళ్లు తడబడతారు" అన్నాడు.

ఆమె కూర్చుంటూ, పక్కన ఉన్న నాకు మాత్రం వినబడేట్టు, "అంటే అబద్ధం చెప్పాలంటాండాడు సార్" అంది. నేను 'ఊరుకో' అన్నట్టు చేయి ఊపాను. ఆ శిక్షణలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. దానికి వచ్చిన తప్పు జవాబును మంచి విద్యార్థిలాగా నేను ఒంటపట్టించుకున్నాను.

గంగాదేవి అడిగిన ప్రశ్న

ఒక వేసవిలో ముదిగుబ్బ అవతలి పల్లె నుంచి గంగాదేవి అనే అమ్మాయి వచ్చింది. ఇంటర్ పాసైంది. చేతిలో పసుపు రంగు కరపత్రం. బెంగళూరులో రోగుల సహాయకుల కోర్సు, నేర్చుకుంటూనే ఉద్యోగం, ఆడపిల్లలకు వసతి, భోజనం ఉచితం.

"సార్, ఇది ఉండాదా?" అని అడిగింది.

నేను ఆత్మవిశ్వాసంతో ఫోన్ తీశాను. కరపత్రం మీది పేట పేరు మ్యాపులో కొట్టి చూశాను. ఉంది. కరపత్రం మీది నంబరుకు చేశాను. ఒకాయన కన్నడం కలిసిన తెలుగులో తేనె పోసినట్టు మాట్లాడాడు. ఆ తేనెకు నా ఫోన్‌కు చీమలు పట్టాయి. "ఉండాది పాపా, ఫోన్ కూడా ఎత్తినారు" అని చెప్పి, కాగితం తిప్పి, కిటికీలు అదిరేట్టు సీలు కొట్టాను. రెండు నిమిషాల పని.

ఆమె అడిగింది ఆ చోటు ఉందా అని కాదు. పోతే నాకేమీ కాదు గదా అని. ఈ తేడా నాకు ఆ రోజు తెలియలేదు. ఆమె వెళ్లేటప్పుడు రహీమున్నీసా రెండో గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని పలకరిస్తోంది. ప్రభుత్వ సమయం వృథా అవుతోందని నేను గొణుక్కున్నాను కూడా.

అదే నంబరు

మూడు వారాల తర్వాత ధర్మవరం నుంచి నాగరాజు అనే నేతగాడు వచ్చాడు. పట్టు మగ్గం మానేసి బెంగళూరులో ఏదైనా పనికి పోదామని చూస్తున్నాడు. అతని చేతిలో ఆకుపచ్చ కరపత్రం. సంస్థ పేరు వేరు, పని పొట్లాలు కట్టడం, చిరునామా లేదు, ఫోన్ నంబరు మాత్రం ఉంది. నేను సీలు ఎత్తాను. రహీమున్నీసా నా మణికట్టు పట్టుకుంది. ఆరేళ్లలో ఆమె అలా ఎప్పుడూ చేయలేదు.

"ఆగు సార్. ఈ నంబరు మనం సూసిందే. చివర్న మూడు సున్నాలు. ఆ ముదిగుబ్బ పాప కాగితం మీద ఇదే ఉన్నింది."

"పసుపుదా?"

"పసుపుదే. ఆడ నర్సమ్మ పని, ఈడ పొట్లాల పని. ఒకే నంబరుకు రెండు పేర్లు యాడన్నా ఉంటాయా సార్?"

ఫోన్ చేశాం. ఈసారి తేనె లేదు, మోగి మోగి ఆగిపోయింది. ఆ అమ్మాయికి చేద్దామని రిజిస్టరు తీశాను. పేరు, ఊరు, వయసు, కులం, సంతకం. ఫోన్ నంబరు రాసే గడి లేదు. ఇరవై ఏళ్లుగా ఆ రిజిస్టరు నింపుతున్నాను. వచ్చినవాళ్లతో మనకు మళ్లీ పని పడుతుందని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

నాగరాజు మా ఇద్దరి ముఖాలు చూసి, కరపత్రాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, "నేను మగ్గం కాడికే పోతాలే సార్" అని వెళ్లిపోయాడు.

"పోలీసులకు చెబుదాం సార్" అంది రహీమున్నీసా.

ఇక్కడ నిజం రాయాలి. ఆ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చింది గంగాదేవి కాదు. ఆ కాగితం వెనకున్న ఊదా రంగు సీలు. "రెండు రోజులు చూద్దామేమో" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపుకు ఫ్యాను ఆగిపోయింది. "సీలు సంగతి తర్వాత సార్. ముందు పిల్ల."

ఏ ఊరో రిజిస్టరులో ఉంది. ఎవరింటి అమ్మాయో రహీమున్నీసా బుర్రలో ఉంది. "ఆ ఊర్లో ముగ్గురు ఓబులేసులుండారంట. ఈ పాప వాళ్ల నాయన జీవాలు మేపే ఓబులేసు." ఆమె పోలీసులకు ఫోన్ చేయడానికి కూర్చుంది. నేను స్కూటరు తీశాను.

జీవాల వెనక

ముదిగుబ్బ దారి అరవై కిలోమీటర్లకు పైన అంటారు. ఆ రోజు ఆరువందలు ఉంది. వాన లేక దున్నకుండా వదిలేసిన వేరుశనగ చేలు రెండు పక్కలా ఎర్రగా. దారి పొడవునా నా కళ్లకు గుండ్రటివే కనిపించాయి: లారీ చక్రాలు, బావి గట్లు, సూర్యుడు. అన్నీ ఊదా రంగులోనే.

ఓబులేసు ఊరి బయట గుట్ట మీద గొర్రెల వెనక ఉన్నాడు. మోకాళ్లు విరిగేట్టు ఎక్కాను. నేనెవరో చెప్పగానే ఆయన కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"మీరేనా సార్ సీలు కొట్టింది! పాప బాగుండాదా? రెండు దినాలైంది, ఫోన్ ఎత్తల్యా."

"ఆ కాగితం మీ దగ్గరుందా?" అన్నాను. దాని మీద బెంగళూరు చిరునామా ఉంటుంది, అదే కావాలి.

"అసలుది పాప తీసుకపోయింది. జిరాక్సు నా కాడ ఉండాది." తలపాగా మడతలో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, ఎంతో జాగ్రత్తగా విప్పాడు. చూశాను. సీలు. కాగితం వెనక వైపు మాత్రమే జిరాక్సు తీయించాడు. చిరునామా ఉన్న ముందు వైపు లేనే లేదు.

"ముందర అచ్చు ఎవురన్నా ఏసుకుంటారు సార్. నాకు చదువు రాదు. పాప ఎంత ఏడ్చినా ముందు పంపనన్యా. సీలు చూసినాకనే పంపినా. గుండ్రం సీలుందంటే గవర్నమెంటు చూసుకుంటాదనే గదా."

ఆ గుట్ట మీద నలభై గొర్రెలు తలలెత్తి నన్నే చూశాయి. ఈ అంకెను మూడు పెట్టి భాగించవద్దు.

కూర్చొని అంతా చెప్పాను. ఆయన అరవలేదు. పక్కన పెట్టిన కర్రను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "మా బామ్మర్ది మేస్త్రీ బెంగళూరులోనే ఉండాడు. పోయిన ఆదివారం పోయినాడు పాపను చూసేకి. వాకిలి కాడనే నిలబెట్టి పంపించేసినారంట" అన్నాడు.

"ఎందుకు పంపించేశారు? ఏం చెప్పారు?"

"పాప కాగితమే చూపించినారంట. గవర్నమెంటు సీలున్న కాగితంతోనే చేర్చుకున్యాం, ట్రైనింగ్ కాకముందే కలవకూడదు అని. వీడు సీలు చూసి తిరుక్కొని వచ్చినాడు."

నా సీలు ఆ అమ్మాయిని ఇల్లు దాటించింది. ఇప్పుడు వాకిలి దగ్గర కాపలా కూడా కాస్తోంది. నేను ఎంత అతిశయోక్తిగాణ్నైనా ఇంత కల్పించలేను.

ఆ ఇల్లు తెలిసిన మేస్త్రీకి ఫోన్ చేశాం. రహీమున్నీసాకు చేసి మేస్త్రీ నంబరు ఇచ్చాం. ఆమె అప్పటికే పోలీసులను పట్టుకుంది. వాళ్లు అక్కడి స్టేషన్‌కు చెప్పారు. మేస్త్రీ ఒక కానిస్టేబుల్‌ను, ఒక మహిళా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొని బయలుదేరాడు. ఇక మాకు చేయడానికేమీ లేదు. ఓబులేసు ఫోన్‌ను బండ మీద పెట్టి దానికెదురుగా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. గొర్రెలు ఒకటొకటే ఊరి దారి పట్టాయి, మళ్లించేవాడు లేక. ఆయన ఒక్కసారి మాత్రం మాట్లాడాడు: "సార్, ఆ సీలుకు విలువ లేదా?"

అప్పుడు నా ముఖంలో తెలియదన్న సంగతి బాగానే కనిపించి ఉంటుంది.

పొద్దు గూకేముందు ఫోన్ మోగింది. "బావా, దొరికింది. నా పక్కనే ఉండాది. ఏం కాలేదు, చిక్కింది అంతే." ఓబులేసు ఫోన్ నా చేతిలో పెట్టి, గొర్రెల వెంట పరుగెత్తాడు. తల తిప్పి కళ్లు తుడుచుకోవడానికి ఆయనకు అంతకంటే మంచి సాకు దొరకలేదు.

ధర్మవరం స్టేషన్‌లో

మరుసటి పొద్దున బండికి ఎదురెళ్లాం, ఓబులేసు, రహీమున్నీసా, నేను. గంగాదేవి మేనమామ వెనక దిగింది. ఆ ఇంట్లో పదకొండు మంది అమ్మాయిలున్నారట. ట్రైనింగ్ పేరు చెప్పి ఫోన్లు తీసుకొని, రోజుకొక ఇంటికి పంపి పని చేయించేవాళ్లట. మిగతావాళ్ల ఇళ్లకు పోలీసులు కబురు చేస్తున్నారు.

"ట్రైనింగ్ అంటే ముసలమ్మలకు నీళ్లు పోసేదే నాయనా" అంది. "అది మన అవ్వకు ఇంటికాడనే చేస్తాంటి గదా." తర్వాత చుట్టూ చూసి, "జీవాల కాడ ఎవరుండారు?" అని అడిగింది. ఓబులేసు నవ్వబోయాడు, నోరు వంకర పోయింది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. ప్లాట్‌ఫారం మొత్తం, పల్లీలమ్మే ఆమెతో సహా, మా చుట్టూ మూగింది. "ఏం సార్, మేం చదువు లేనోళ్లం. బొమ్మను చూసి నమ్ముతాం. మీరు చదువుకున్నోళ్లు గదా, లోపల ఏముండాదో చూడకుండానే గుద్దుతారా? నా బిడ్డను మీ రిజిస్టరులో ఒక నంబరు చేసినారు. ఇంకోసారి ఆ సీలు ఎత్తేముందు నా బిడ్డ మొకం గుర్తు చేసుకో" అన్నాడు. నేను తల దించుకున్నాను.

చేరబోయేవాళ్లకు

మీకు శిక్షణ ఇచ్చేవాళ్లు కంప్యూటర్ నేర్పుతారు, నేర్చుకోండి. చిరునవ్వు నేర్పితే, దవడ జాగ్రత్త. వాళ్లు నేర్పనిది మీరే అడిగి నేర్చుకోవాలి.

ముందుగా 'తెలియదు' అనడం. నవ్వకండి, ఇది చాలా కష్టమైన విద్య. ఎదురుగా మనిషి ఆశగా చూస్తుంటే ఆ మాట నోట్లో నుంచి రాదు. 'తెలియదు, కనుక్కొని రేపు ఫలానా వేళకు నేనే ఫోన్ చేస్తాను' అని ఒకరికొకరు ఎదురెదురుగా నిలబడి సాధన చేయండి. రేపు ఆ వేళకు చేయండి కూడా. చేయకపోతే మొదటి అబద్ధం కంటే అది పెద్దది.

ఉద్యోగం ఇస్తామనేవాళ్లకు ఫోన్ చేసినప్పుడు, నాలాగా 'ఉన్నారా' అని అడగకండి. ఉండనే ఉంటారు. పిల్ల ఫోన్ పిల్ల దగ్గరే ఉంటుందా, వాళ్ల నాయన ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా, మీ సంస్థ నమోదు కాగితం పంపుతారా అని అడగండి. తేనె ఎక్కడ చేదవుతుందో వింటే తెలుస్తుంది.

వచ్చినవాళ్లను ఊరు, ఇల్లు, తిన్నారా లేదా అడగడం వృథా పని కాదు. రహీమున్నీసా ఆ రోజు నీళ్లివ్వకపోతే ముగ్గురు ఓబులేసుల్లో ఎవరి దగ్గరకు పోవాలో నాకు తెలిసేది కాదు. శిక్షణలో ఆమెను మాట్లాడనివ్వండి, వినేవాళ్ల వరసలో మాత్రమే కూర్చోబెట్టకండి అని పైకి రాశాను. ఆమె హోదా ఏమిటని అడుగుతూ తిరుగు జాబు వచ్చింది.

పరాయి కాగితం మీద సీలు కొట్టడం మానేశాం. మా చీటీ మేమే అచ్చు వేయించాం: ఈ విషయం మేము విచారించలేదు, విచారించి చెబుతాం అని. పెద్దసారు చదివి, "ఇట్ల రాస్తే మన దగ్గరికి ఎవరొస్తారప్పా?" అని తల పట్టుకున్నాడు. వచ్చేవాళ్లు కొంచెం తగ్గారు కూడా. ఆయన బాధ ఆయనది. చెడ్డవాడు కాదు, మనుషులను లెక్కపెట్టడమే ఆయనకు నేర్పారు.

ఇంకొకటి. ఈ ఉద్యోగంలో బెంగ ఉంటుంది. మీరు చెప్పిన మాట పట్టుకొని ఎవరో ఎక్కడికో బస్సెక్కి ఉంటారు, ప్రతిరోజూ. ఆ బెంగ పోగొట్టుకోకండి, కానీ దాన్ని చెప్పుకోవడానికి పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. నేను ఆ తర్వాత ఆరేళ్లు చెప్పుకోలేదు. ఇంట్లో దోసె పోస్తే దాని చుట్టూ అక్షరాలు కనిపించేవి. అప్పుడే మోకాళ్లు నొప్పి పుట్టడం మొదలైంది.

కల్పించింది

వరస గుత్తి దాకా లేదు. దవడ పట్టేసింది ఒక పూటే. ఇవి మీకు తెలిసే ఉంటాయి. మిమ్మల్ని నిజంగా మోసం చేసింది ఒక్కచోటే: ధర్మవరం స్టేషన్‌లో ఓబులేసు నన్ను తిట్టలేదు. ఆ మాటల్లో ఒక్కటీ ఆయనది కాదు, ఎవరూ మూగలేదు. అవన్నీ నేను స్కూటరు మీద తిరిగి వస్తూ నాకు నేను అనుకున్నవి. ఎవరైనా అంటే బాగుండునని ఆయన నోట్లో పెట్టాను.

నిజంగా జరిగింది ఇది. ఓబులేసు నా రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకున్నాడు. "మీ సీలు ఉండబట్టే గదా సార్, మీరు ఇంత దూరం వచ్చి నా బిడ్డను తెప్పించినారు. సీలు లేకుంటే మా మొకం ఎవరు చూస్తారు?" అన్నాడు. జిరాక్సు కాగితాన్ని మళ్లీ మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు.

అది అలా కాదని చెప్పడానికి వాళ్ల ఊరి బస్సు కదిలేదాకా సమయం ఉంది. నేను అవునన్నట్టు తల ఊపాను.